మోటారుకున్న మర్యాద బాయిలరుకు లేదా?

కల్వకుర్తి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని పాత సామాన్ల బండికి వేయడు. పైపులు లాగించి, మోటారును ఆటోలో వేసుకుని టౌనుకు తెస్తాడు. వైండింగ్ దుకాణంలో పక్కన నిలబడి విప్పిస్తాడు. ఏది కాలింది, ఏది అరిగింది, ఏది ఇంకా పనికొస్తుంది అని అడిగి తెలుసుకుంటాడు. రాగితీగ కొత్తగా చుట్టించి, అరిగిన బుష్‌లు మార్పించి మళ్ళీ బోర్లోకి దించుతాడు. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడుసార్లు ఎత్తిపోస్తే తప్ప కృష్ణమ్మ ఈ పొలాల దాకా రాదు. మోటారు విలువ ఇక్కడివాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అదే ఇంట్లో స్నానాల గదిలో గీజరు ఆగిపోయిందనుకోండి. దాన్ని విప్పి చూసేవాళ్ళు తక్కువ. "పదేండ్లాయె, పోయింది" అని తీర్పు వచ్చేస్తుంది. చేతిలో డబ్బుంటే కొత్తది, లేకపోతే కంతుల మీద ఇంకొకటి, అదీ కాకపోతే బకెట్లో హీటర్ రాడ్. పెరట్లో నానమ్మ కాలం నాటి రాగి బాయిలరు ఉంటే, అడుగున సన్నగా కారుతోందని తూకానికి అమ్మేస్తారు. మోటారు దగ్గర ఇంత ఓపికగా ఉండే మనం బాయిలరు దగ్గర ఎందుకింత తొందరపడతాం?

ఈ ప్రశ్నకు జవాబు వెతికితే నాకు పనికొచ్చిన దేశం బ్రిటన్. వాళ్ళు డబ్బున్నవాళ్ళని కాదు. వాళ్ళకు బాయిలరు తప్పనిసరి కాబట్టి. అక్కడ బాయిలరు ఆగితే స్నానం ఒక్కటే ఆగదు. గదులను వెచ్చబెట్టే రేడియేటర్లు కూడా చల్లబడి ఇల్లంతా బిగుసుకుపోతుంది. కొత్త బాయిలరు బిగించాలంటే రెండు మూడు వేల పౌండ్లు కావాలి, అంటే మన డబ్బులో రెండు లక్షల రూపాయల పైమాటే. అందుకే మధ్యతరగతి, పేద ఇళ్ళలో "బాగు చేయించాలా, మార్చాలా" అన్నది పెద్ద చర్చ. వందేళ్ళకు పైగా ఆ చర్చ చేసి, తప్పులు చేసి, ప్రాణాలు పోగొట్టుకుని వాళ్ళు కొన్ని పద్ధతులు ఏర్పరచుకున్నారు. వాటిలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి.

పొగగొట్టం లేని మొదటి గీజరు

గీజరు అన్న మాటే మనకు లండన్ నుంచి వచ్చింది. 1868లో బెంజమిన్ మాన్ అనే పెయింటరు గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్ళు కాచే యంత్రం తయారు చేశాడు. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరే దానికి పెట్టాడు. యంత్రం బాగానే పనిచేసింది కానీ పొగ బయటికి పోయే గొట్టం దానికి లేదు. గ్యాసు మండిన గాలి అంతా స్నానాల గదిలోనే ఉండిపోయేది.

దాదాపు నూట అరవై ఏళ్ళ తర్వాత మన పట్టణాల్లో తలుపులు మూసిన చిన్న బాత్రూముల్లో, సిలిండరుకు పైపు తగిలించి, పొగగొట్టం లేకుండా గ్యాస్ గీజర్లు బిగిస్తున్నారు. లండన్‌లో జరిగిన తప్పే ఇక్కడా జరుగుతోంది. గాలి చాలని గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల దిమ్ముగా అనిపిస్తుంది, కాళ్ళలో సత్తువ పోతుంది. గొళ్ళెం తీయాలని తోచేలోపే మనిషి కూలిపోవచ్చు. మన దేశంలో ఇలా స్నానానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం.

బ్రిటన్ ఈ విషయంలో చట్టం చేసింది. అక్కడ డబ్బు తీసుకుని ఇళ్ళలో గ్యాసు పని చేసే ప్రతి మనిషీ 'గ్యాస్ సేఫ్ రిజిస్టర్'లో నమోదై ఉండాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఈ పట్టిక నడుస్తోంది, అంతకుముందు కోర్గి పేరుతో ఇలాంటిదే ఉండేది. పనికి వచ్చినవాడి దగ్గర ఫొటో, నంబరు ఉన్న కార్డు ఉంటుంది. కార్డు వెనక వైపు అతనికి ఏ ఏ పనులు చేసే అర్హత ఉందో రాసి ఉంటుంది. తలుపు తీసిన ఇల్లాలు ముందు ఆ కార్డు తిప్పి చూసుకోవచ్చు. 1998 నాటి గ్యాస్ భద్రత నిబంధనల ప్రకారం అద్దె ఇంటి యజమాని పన్నెండు నెలలకోసారి గ్యాసు పరికరాలు తనిఖీ చేయించి, ఆ కాగితం అద్దెకున్నవాళ్ళకు ఇవ్వాలి. చదువులకూ ఉద్యోగాలకూ అక్కడికి వెళ్ళి అద్దె ఇళ్ళలో ఉంటున్న మన తెలుగు పిల్లలు కూడా ఆ కాగితం అడగవచ్చు. ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి, బాయిలరు లాంటివి ఉన్న అద్దె గదుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం కూడా తప్పనిసరి చేశారు.

బ్రిటన్ నుంచి మనం తెచ్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. బాయిలరు ఎంత పాతదన్నది రెండో ప్రశ్న. దాన్ని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నది మొదటి ప్రశ్న.

ఏటా ఒక్కసారి మూత తీయడం

బ్రిటన్‌లో బాయిలరుకు ఏటా సర్వీసు చేయించే అలవాటు ఉంది. చేయించకపోతే చాలా కంపెనీలు గ్యారంటీ ఒప్పుకోవు. బాయిలరుతో పాటు వచ్చే పుస్తకంలో మెకానిక్ తేదీ వేసి, చూసినవీ మార్చినవీ రాస్తాడు. పదేళ్ళ తర్వాత మంచో చెడో తేల్చాల్సి వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం. రిపేరు ఖర్చు కొత్త బాయిలరు ధరలో సగానికి దగ్గరైతే, బాయిలరు వయసు కూడా పదేళ్ళు దాటితే మార్చడం మేలని అక్కడ ఒక లెక్క వాడుకలో ఉంది. అంతకన్నా తక్కువైతే బాగు చేయిస్తారు.

మన గీజరుకు ఏటా ఏం చూడాలి? ఇక్కడ ఇంకో ఇంగ్లిషు కథ ఉంది. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త బ్రిటిష్ నౌకాదళం ఓడల సమస్య పట్టించుకున్నాడు. ఓడ అడుగున కొట్టిన రాగి రేకులను సముద్రపు నీళ్ళు తినేస్తున్నాయి. రాగికి తగిలేలా కాస్త జింకు గానీ ఇనుము గానీ బిగిస్తే, నీళ్ళు ముందు ఆ ముక్కను తింటాయి, రాగి మిగులుతుంది అని ఆయన చూపించాడు. ఇవాళ మన గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంది. మెకానిక్కులు దాన్ని యానోడ్ రాడ్ అంటారు. అది చేసే పని అదే. తాను కరిగిపోతూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పూర్తిగా కరిగిపోయాక నీళ్ళు ట్యాంకు మీద పడతాయి. కొన్ని వందల రూపాయల కడ్డీని సమయానికి మార్చకపోవడం వల్ల వేల రూపాయల ట్యాంకుకు చిల్లు పడుతుంది. ఆ కడ్డీ ఒకటుందనే మనలో చాలామందికి తెలియదు.

రెండోది సుద్ద. లండన్ చుట్టుపక్కల నేల సుద్దరాయి, అక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ. అక్కడి కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పెచ్చూ, మన గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పెచ్చూ ఒకటే. మనది గ్రానైటు నేల, బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టివి. నీళ్ళు వేడెక్కినప్పుడు సున్నం విడిపోయి కాయిల్‌ను దుప్పటిలా కప్పేస్తుంది. వేడి నీళ్ళలోకి దిగదు, కాయిల్ లోపలే మాడిపోతుంది. గీజరు గురగురమని శబ్దం చేస్తున్నా, పదిహేను నిమిషాల్లో కాగేది అరగంట తీసుకుంటున్నా సుద్ద పట్టిందని అర్థం. కరెంటు తీసేసి, నీళ్ళు వంపేసి, కాయిల్ బయటికి తీసి, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడితే ఆ పెచ్చు కరుగుతుంది. మిషన్ భగీరథ నీళ్ళు ఇంటికి వస్తుంటే గీజరుకు బోరు నీళ్ళ బదులు అవి పట్టడం ఇంకా మంచిది. నది నీళ్ళలో సాధారణంగా సున్నం తక్కువ.

వేడి ఎంత పెట్టాలో కూడా చెప్పుకోవాలి. అరవై డిగ్రీలు దాటిన కొద్దీ సుద్ద వేగంగా పడుతుంది. అలాగని మరీ తగ్గించి రోజుల తరబడి గోరువెచ్చగా ఉంచితే ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నిల్వ ఉంచే వేడినీళ్ళు కనీసం అరవై డిగ్రీలు ఉండాలని బ్రిటన్ ఆరోగ్య భద్రత సంస్థ చెప్పేది అందుకే. ఇంట్లో అరవై దగ్గరే పెట్టుకుంటే రెండు వైపులా క్షేమం.

వాళ్ళు చేసిన తప్పులు

బ్రిటన్ చేసినవన్నీ ఒప్పులు కావు. 2010 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఇంగ్లండ్‌లో 1,25,000 ఇళ్ళ కోసం ఒక పథకం పెట్టింది. అతి తక్కువ సామర్థ్యం ఉన్న జీ తరగతి బాయిలరును తీసేసి కొత్తది పెట్టుకుంటే 400 పౌండ్లు ఇస్తామంది. వేల పౌండ్ల ఖర్చులో 400 ఇస్తే, మిగతా డబ్బు చేతిలో ఉన్నవాళ్ళకే అది ఉపయోగపడుతుంది. నిజంగా చలికి వణికే ఇంటికి ఆ సాయం అక్కరకు రాదు. 2022లో మొదలైన ఇంకో పథకం గ్యాస్ బాయిలరు బదులు, బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంపు పెట్టుకుంటే 5,000 పౌండ్లు ఇచ్చింది, 2023 అక్టోబరులో దాన్ని 7,500 చేశారు. చిన్న సాయంతో జనం కదలరని అంతటి దేశమూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

మరో తప్పు యంత్రానికీ ఊరికీ పొత్తు చూడకపోవడం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కండెన్సింగ్ బాయిలర్లు తప్పనిసరి చేశారు. పొగలోని ఆవిరి వేడిని కూడా పట్టుకునే మంచి యంత్రాలవి. పట్టుకున్న ఆవిరి నీరై సన్నటి గొట్టం గుండా బయటికి పోవాలి. చాలా ఇళ్ళలో ఆ గొట్టాన్ని గోడ బయట ఊరికే వదిలేశారు. 2010 డిసెంబరులో గడ్డకట్టే చలి వచ్చినప్పుడు గొట్టాల్లో నీళ్ళు మంచుగా మారి, వేడి అవసరమైన రోజునే బాయిలర్లు ఆగిపోయాయి. దుకాణంలో చూపించే కొత్త యంత్రం మన నీళ్ళకూ మన కరెంటుకూ మన బాత్రూముకూ సరిపోతుందా అని అడగకుండా కొంటే మనకూ ఇదే జరుగుతుంది.

వాళ్ళ ఇళ్ళలో నాకు బాగా నచ్చిన పని చాలా చిన్నది. వేడినీళ్ళ ట్యాంకుకు 80 మిల్లీమీటర్ల మందం ఉన్న జాకెట్టు తొడగడం. కొత్త బాయిలరు మాట ఎత్తకముందే, ఉన్న వేడి ఎటు పోతోందో చూడమని అక్కడి సలహాదారులు చెబుతారు. ఖర్చు తక్కువ పనితో మొదలుపెట్టడమంటే ఇది.

లెక్క మన ఇంటిది

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఇరవై లీటర్ల బకెట్ నీళ్ళను ఇరవై డిగ్రీల నుంచి నలభైకి కాచడానికి సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. గీజరైనా రాడ్ అయినా, కొత్తదైనా పాతదైనా ఈ లెక్క పెద్దగా మారదు. అయిదుగురున్న ఇంట్లో చలికాలం రోజుకు రెండున్నర యూనిట్లు, నెలకు డెబ్బై అయిదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. అందులో మూడో వంతు కన్నా ఎక్కువ ఒక్క స్నానాలకే పోతోందన్నమాట. ఆ హద్దు దాటిన నెల సున్నా బిల్లు రాదు. కాబట్టి పొద్దున్న ఆన్ చేసి మరిచిపోయిన గీజరు బిల్లు మొత్తాన్నే మార్చేయగలదు.

గీజరు మీద ఉండే నక్షత్రాల సంగతీ తెలుసుకోవాలి. అవి కాచే వేగానికి గుర్తులు కావు. కాచిన వేడిని ట్యాంకు ఎంత బాగా నిలుపుతుందో చెప్పే గుర్తులు. ఇరవై నిమిషాలు ఆన్ చేసి, స్నానాలు కాగానే ఆపేసే ఇంటికి అయిదు నక్షత్రాల కోసం వేలు ఎక్కువ పెట్టడంలో లాభం తక్కువ. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికే అది తేడా చూపిస్తుంది. ట్యాంకు పెద్దదైతే మంచిదన్నదీ భ్రమే. పదిహేను లీటర్ల ట్యాంకులో అరవై డిగ్రీల నీళ్ళకు అంతే చన్నీళ్ళు కలిపితే ముప్పై లీటర్ల స్నానపు నీళ్ళవుతాయి. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసే ఇంటికి అది చాలు.

ఇక పాతది బాగవుతుందా లేదా అన్నది ఏ భాగం పోయిందో చూసి తేల్చాలి. నీళ్ళు అసలే కాగకపోతే థర్మోస్టాటో, కటౌటో, కాయిలో పోయి ఉంటుంది. మూడూ మార్చుకునేవే. కాయిల్, థర్మోస్టాటు, యానోడ్ మూడూ మార్చినా సాధారణంగా కొత్త గీజరు ధరలో మూడో వంతు లోపే అవుతుంది. నీళ్ళు ఎర్రగా వస్తుంటే యానోడ్ చూపించాలి. లోపలి ట్యాంకే కారుతుంటే మాత్రం దాన్ని అతికించే ప్రయత్నం వద్దు. ఒత్తిడి కింద ఉండే ట్యాంకుకు అతుకు నిలవదు, అప్పుడు మార్చాల్సిందే. పక్కనుండే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని ఎప్పుడూ బిగించి మూసేయవద్దు. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అదొక్కటే. నల్లా ముట్టుకుంటే చిటుక్కుమని తగిలితే ఆ పూటే ఆపేయండి. ఎర్తింగ్, కాయిల్ రెండూ చూపించేదాకా ఆన్ చేయవద్దు.

కొత్తది కొనాల్సే వస్తే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, పాతదానికి వాడిన అరిగిన వైరు, పాత ప్లగ్గు మాత్రం దీనికి వాడకండి. డబ్బులు కూడేదాకా రాడ్ వాడే ఇళ్ళలో మొదటి నియమం ఇది: ప్లగ్గు బయటికి తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో రాడ్ పెట్టిన బకెట్ దగ్గర పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి.

గ్యాస్ గీజరు సంగతి వేరు. అది పాతదై, బాత్రూము లోపలే ఉండి, పొగగొట్టం లేకపోతే దాని మీద రిపేరు ఖర్చు పెట్టవద్దు. గాలి ఆడే చోట, గది బయట బిగించి పైపు ద్వారా నీళ్ళు లోపలికి తెచ్చుకోండి. అది కుదరకపోతే వాడకం మానేయండి. డబ్బు తక్కువని ఇక్కడ రాజీపడితే పోయేది ప్రాణం.

పెరట్లోని రాగి బాయిలరు మాత్రం నిజంగా బాగు చేయించుకోదగ్గ వస్తువు. నడుమ గొట్టంలో కట్టెలు మండుతాయి, చుట్టూ నీళ్ళు కాగుతాయి. పైన చన్నీళ్ళు పోస్తే పక్క నుంచి వేడినీళ్ళు వస్తాయి. అడుగు జాలీ మాడితే ఇనుప జాలీ కొత్తది పెట్టించవచ్చు, నల్లా వాషరు మార్చవచ్చు, సన్నటి చిల్లుకు మాటు వేయించవచ్చు. నీళ్ళు పోయకముందు మంట పెట్టకపోవడమే దానికి కావాల్సిన జాగ్రత్త. నీళ్ళు లేకుండా వేడెక్కితే మాటు కరిగి అతుకులు విడిపోతాయి. పాత మాటుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి ఆ నీళ్ళు స్నానానికే వాడాలి, వంటకు కాదు. మంట ఆరుబయటే పెట్టాలి. పొలం గట్ల కంపా, కందికట్టే, మొక్కజొన్న కంకుల బెండ్లూ దొరికే ఊళ్ళో కరెంటు యూనిట్లు మిగిల్చే దారి ఇది. రాగి తూకానికి మంచి ధర వస్తుందని అమ్మేముందు, అది చేసే పనికి ఎంత విలువో ఒక చలికాలం లెక్కేసుకోండి.

మనం మొదలుపెట్టగలిగింది

బ్రిటన్‌లాగా చట్టం వచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల టౌన్లలో మోటారు వైండింగ్ దుకాణాలకు లోటు లేదు. కాయిల్ చూడటం, ఎర్త్ చూడటం, కొలిచి చెప్పడం వాళ్ళకు రోజూ చేతిలో పని. వాళ్ళు వానకాలం పోగానే గీజర్లు కూడా చూస్తామని బోర్డు పెడితే వాళ్ళకూ పని, మనకూ పొదుపు. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ చదివే పిల్లలకు గీజరు విప్పి బిగించడం, గ్యాస్ గీజరు ప్రమాదం పసిగట్టడం వారం రోజుల్లో నేర్పవచ్చు. గదులు అద్దెకిచ్చే యజమానులు ఏటా దసరాకు ముందు ఒకసారి గీజరు చూపించి, చూపించిన తేదీ గోడ మీద రాసి పెడితే కిరాయిదారుల తల్లిదండ్రులకు నిద్ర పడుతుంది. ఇవేవీ లక్షలతో పని కాదు.

వైండింగ్ చేసిన మోటారు మీద దుకాణం వాళ్ళు తేదీ వేసి పంపుతారు. అదే పని ఈ వారం మీ ఇంట్లో చేయండి. తెలిసిన మెకానిక్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, గీజరు మూత తీయించండి. యానోడ్ మిగిలి ఉందా, కాయిల్ మీద సుద్ద ఎంత ఉంది, ఎర్త్ సరిగా ఉందా, మూడూ మీరే పక్కన నిలబడి చూడండి. తర్వాత ఒక పెయింటు పెన్ను తీసుకుని గీజరు పక్కన ఆ రోజు తేదీ రాయండి. వచ్చే ఏడాది అదే తేదీకి మళ్ళీ విప్పించండి.